ముప్పావు అంగుళం ఎక్కువైన యెరూషలేము

ఓ అమ్మా, ఆ కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో లెక్కపెట్టుకున్నావా? లేదు కదా. పత్రిక చేతికి రాగానే వంటిల్లు వదిలేసి నా పేజీకి వచ్చేస్తే పప్పు మాడక ఏం చేస్తుంది. అయ్యా, మీరు నవ్వకండి. స్టేషన్‌లో పుస్తకాల షాపు దగ్గర నిలబడి, రైలు వచ్చేలోపు నా భాగం ఊరికే చదివేసి, పత్రిక మళ్ళీ ఉన్నచోటే పెట్టి పోయే రకం మీరు. షాపాయన మీవైపు చూస్తున్నాడు, చప్పున చదవండి.

పోయిన వారం ఎక్కడ ఆపానో మీకు గుర్తు లేదు. లేదని ఒప్పుకోరు కూడా. కాబట్టి నేనే చెబుతాను.

మా లాలాగూడ చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి. ఆ పండక్కి యెరూషలేము పట్టణాన్ని చెక్కతో చేయించమని అడిగింది రోసమ్మగారు. నలభై ఏళ్లపాటు సండేస్కూలు పిల్లలకి ఆ ఊరి వీధులు నోటితోనే చూపించిన మనిషి. అక్కడికి వెళ్లే యోగం ఆమెకి ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడు చూడ్డానికి కళ్లు కూడా లేవు, నీటికాసులతో రెండేళ్ల కింద పూర్తిగా పోయాయి. అయినా చేయించమంది. చేసినవాడు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు మనవలున్నారు. మా రైల్వే వర్క్‌షాపులో పాటర్న్ షాపు వడ్రంగిగా ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైన చెయ్యి.

నాలుగు నెలలు అతని వరండాలో ఆ ఊరు లేస్తుంటే సలహా చెప్పనివాడు పాపాత్ముడు. చర్చి సెక్రటరీ దేవసహాయంగారు బైబిలు వెనకున్న పటం తెచ్చారు. పెయింట్ షాపులో బోగీలకి నంబర్లు రాసి రిటైరైన గౌస్ భాయ్ తన ఇంట్లో గోడకున్న క్యాలెండరు తెచ్చాడు. ఆయనకి అది యెరూషలేము కాదు, బైతుల్ ముఖద్దస్. మక్కా వైపు తిరగకముందు తమ పెద్దలు నమాజు చేసింది ఆ ఊరి వైపే అని వాళ్ల నాన్న చెప్పేవాడట. పటంలో కొండ మీద దేవాలయం ఉంది. క్యాలెండర్లో అదే కొండ మీద బంగారు గుమ్మటం ఉంది. ఇద్దరూ నెల రోజులు మాట్లాడుకోలేదు. చివరికి బ్రహ్మచారి కొండ నెత్తిన ఒక బెజ్జం పెట్టి, దేవాలయం ఒకటి, గుమ్మటం ఒకటి విడివిడిగా చేశాడు. ఏది కావాలంటే అది గుచ్చుకోవచ్చు, మళ్ళీ పీకేయవచ్చు.

ఇక నా సంగతి. నా పేరు పర్వతాలు, చదివింది ఏడో క్లాసు, అదీ తప్పాను. మౌల్డింగ్ షాపులో ఖలాసీగా చేశాను. ఎవరినైనా ఆటపట్టించకపోతే నాకు అన్నం అరగదు. నేను చేసిన కొంటెపని పోయిన వారం మీ ఒక్కరి చెవిలోనే వేశాను. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని పోత పోయడానికి చేసే చెక్క నమూనాని కాస్త పెద్దగా చేయాలి. దానికోసం పాటర్న్ షాపు వాళ్ల దగ్గర వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అంటే మన అడుగు కన్నా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. చూస్తే తేడా తెలియదు. బ్రహ్మచారి సంచిలో ఆ స్కేలూ మామూలు స్కేలూ రెండూ ఉంటాయి. ఆయన పని మొదలెట్టిన రోజునే వాటిలో మామూలుది మెల్లగా లేపేశాను. అంచులు బాగా అరిగినదాన్ని చూసి తీశాను, ఎందుకంటే రోజూ వాడేది మామూలు స్కేలే కదా.

అడుగుకి ఎనిమిదో వంతు చొప్పున ఆరడుగులకి ముప్పావు అంగుళం. దేవసహాయంగారు బోయిగూడలో టేకు చట్రంతో చేయించిన అద్దం పెట్టె లోపలి పొడవు కచ్చితంగా ఆరడుగులు. పోయిన వారం నలుగురు మనుషులు ఆ పెట్టెని ఎత్తి పట్టుకుని ఉండగా ఆపాను.

ఇప్పుడు దించుతున్నారు.

శనివారం మధ్యాహ్నం, బయట ముసురు. చర్చి పక్క హాల్లో బెంచీలన్నీ గోడకి జరిపి, నడుమ పొట్టి బల్ల మీద ఊరిని పెట్టారు. పెట్టె మూతలాగా పైనుంచి దిగాలి. పడమటి అంచు దిగింది. తూర్పు అంచు దిగలేదు. దేవసహాయంగారు జరపమన్నారు. జరిపారు. తూర్పు దిగింది, పడమర లేచింది. మళ్ళీ జరపమన్నారు. నేను గొడుగు పట్టుకుని మూలన నిలబడి పెదవి కొరుక్కుంటున్నాను. ఎత్తుకొచ్చిన స్కేలు ఆ గొడుగు మడతల్లోనే ఉంది. అందరూ జుట్టు పీక్కున్నాక దాన్ని బయటికి తీసి నవ్వాలని నా పథకం.

దేవసహాయంగారు టేపు తీశారు. పెట్టె కొలిచారు, ఆరడుగులు. ఊరిని కొలిచారు, ఆరడుగుల ముప్పావు అంగుళం. కళ్లద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచారు. టేపు తిరగేసి అవతలి చివర నుంచి కొలిచారు. ఎటునుంచి కొలిచినా ఆ ముప్పావు అంగుళం అక్కడే కూర్చుని ఉంది.

ఇక్కడే అందరూ పగలబడి నవ్వాలి. ఒక్కడూ నవ్వలేదు.

రేపు పొద్దున తొమ్మిదింటికి జనం వస్తారు, అద్దం లేకుండా పెట్టేది లేదు, ముట్టుకుని పాడుచేస్తారు అన్నారు దేవసహాయంగారు. కాబట్టి కోయాలి. ఎటు కోయాలి? పడమటి అంచు గీకేస్తే సరిపోతుందని గౌస్ భాయ్ అన్నాడు. పడమటి పక్కనే సిలువ కొండ ఉందని, అక్కడ చెయ్యి వేస్తే ఊరుకోమని దేవసహాయంగారు అన్నారు. మరి తూర్పు? తూర్పున ఒక మూసేసిన ద్వారం ఉంది. ఏసయ్య ఆ దారినే ఊళ్లోకి వచ్చాడని, మళ్ళీ వచ్చేదీ అటునుంచేనని ఈయన. అది రహ్మత్ దర్వాజా, అంటే దేవుడి దయ దిగే ద్వారమని, అక్కడ రంపం పెడితే తన తండ్రి సమాధిలో లేచి కూర్చుంటాడని ఆయన. తెరిచి ఉన్న ద్వారాలు మొత్తం ఏడు, వాటి గురించి ఒక్కరూ మాట్లాడరు. మూసినదాని దగ్గరే అందరూ ఎదురుచూస్తున్నారు. నేను చాయ్ సంగతి ఎత్తితే ఇద్దరూ కలిసి నామీద పడ్డారు.

అరగంట గడిచింది. పెట్టె మోసిన నలుగురూ దాన్ని నేల మీద పెట్టి బీడీలకి పోయారు. బ్రహ్మచారి బల్ల పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. నాకు ఆటలో మజా పోయింది. ఒకటే గొడవ, ఒకటే మాట, తిప్పి తిప్పి అదే. మా మౌల్డింగ్ షాపులో కూడా ఇంత వేడి ఉండేది కాదు.

ఉన్నట్టుండి ఇద్దరూ ఒక్కటయ్యారు. నాలుగు నెలల్లో మొదటిసారి. దేవాలయం కొండకి పడమటి వైపు ఒక పాత రాతిగోడ ఉంది. యూదులు దాని ముందు నిలబడి ప్రార్థన చేస్తారట, కళ్లనీళ్లు పెట్టుకుంటారట. ఆ గోడ ముందు బ్రహ్మచారి కాస్త ఖాళీ జాగా వదిలాడు. అక్కడ ముప్పావు అంగుళం చీలిక తీసి, రెండు ముక్కలూ దగ్గరికి జరిపి అతికిస్తే ఎవరికీ నష్టం లేదన్నారు దేవసహాయంగారు. గౌస్ భాయ్ వెంటనే తల ఊపాడు. నిజమే, ఎవరికి నష్టం? లాలాగూడలో యూదులు లేరు, బోయిగూడలో లేరు. సీతాఫల్‌మండిలో ఉన్నారేమో కనుక్కుని వస్తానని నేనంటే నన్ను కూర్చోమన్నారు.

రంపం ఇమ్మని దేవసహాయంగారు చెయ్యి చాచారు. బ్రహ్మచారి రంపాన్ని పీట కిందికి తోసి, దాని మీద సరిగ్గా కూర్చున్నాడు.

“గది ఖాళీ జాగ గాదు” అన్నాడు. “గాడ మనుషులు నిలబడ్తరు.”

“ఏ మనుషులయ్యా? నీకేమైనా తెలుసా వాళ్లు?”

“తెల్వది. నిలబడేతందుకు జాగ ఉండాలె గద.”

దేవసహాయంగారికి తిక్క లేచింది. ఆయన రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినవాడు, కోపం వచ్చినా వరుస తప్పకుండా తిడతాడు. ఆరడుగులు కొలవడం చిన్నపిల్లలకి వచ్చు. ముప్పై ఆరేళ్ల సర్వీసు మనిషికి రాలేదు. పెట్టె కొలత కాగితం మీద రాసి ఇచ్చాను. రేపు సంఘం ముందు ఏమని చెప్పాలి? వడ్రంగికి చూపు ఆనడం లేదని చెప్పాలా? కోయనివ్వకపోతే దీన్ని ఇంటికి తీసుకుపోవచ్చు, పెట్టెలో పాత పాస్టర్ల ఫోటోలు పెట్టుకుంటాం అన్నారు.

ఇంటికి తీసుకుపొమ్మనడం అంటే ఏమిటో నాకు తెలుసు. బ్రహ్మచారి ఉండేది వర్క్‌షాపు అవతలి గల్లీలో, రెండో అంతస్తు. ఎనభై ఏళ్ల రోసమ్మగారు ఆ మెట్లు ఎక్కలేదు. చర్చికి మాత్రమే వస్తుంది. నాలుగు నెలలుగా ఆమె ఆదివారం ఆదివారం చర్చి గేటు బయట నన్ను పట్టుకుని, ఊరు ఎందాకా వచ్చింది పర్వతాలూ, గోడలు లేచాయా, అని అడుగుతూనే ఉంది. బ్రహ్మచారి మొహం చూశాను. తిట్టినా తలెత్తడం లేదు.

గొడుగు విప్పాను. స్కేలు నేల మీద పడింది.

“సార్, ఆయన్ని అనకుర్రి. గిది నా పని. మామూలు స్కేలు నేను ఎత్తుకపోయిన. ఆయన సంచిల పాటర్న్ స్కేలే మిగిలింది, దాంతోనే కొల్సిండు. పరాచికానికి జేసిన.”

గౌస్ భాయ్ నుదురు కొట్టుకున్నాడు. “ఏందీ పర్వతాలు, గీ వయసుల సుత గిట్లనేనా? అందర్ని పరేషాన్ జేస్తివి” అన్నాడు. దేవసహాయంగారు నా వైపు చూసిన చూపుకి అద్దం పెట్టె పగలాల్సింది. ఆ స్కేలు ఇటివ్వు, టేపు పక్కన పెట్టి చూస్తాను అంటూ వంగారు. ఆయన కన్నా ముందే బ్రహ్మచారి దాన్ని అందుకుని, తుడిచి, సంచిలో వేసుకున్నాడు. నావైపు కనీసం చూడలేదు. పాపం, నా ద్రోహానికి మనసు విరిగిపోయింది అనుకున్నాను.

అప్పుడే తలుపు దగ్గర చెప్పులు విదిల్చిన చప్పుడైంది. రోసమ్మగారి కూతురు, టీచరు ప్రేమమణి, తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. రేపటిదాకా ఆగలేనని మొండికేసిందట రోసమ్మగారు.

ఆమె ఊరు ఏదని అడిగింది. దేవసహాయంగారు ఎదురెళ్లి, రంగు ఇంకా పచ్చిగా ఉందనీ, వానకి ఆరలేదనీ, ముట్టుకోకూడదనీ నచ్చచెప్పబోయారు.

“ఒరే సహాయం” అంది రోసమ్మగారు. “ముట్టుకోకుండా నేనెట్టా చూసేదిరా?”

అరవై రెండేళ్ల సెక్రటరీగారు పక్కకి జరిగారు. ఆయన కూడా ఒకప్పుడు ఆమె దగ్గర సండేస్కూల్లో చెవి మెలిపెట్టించుకున్నవాడే.

బల్ల ఎంత పొట్టిదో నేను అప్పుడు గమనించాను. ఆమె కింద కూర్చుంటే సరిగ్గా మోచేతి ఎత్తుకి ఉంది. రెండు చేతులూ గోడ మీద పెట్టింది. వేళ్లు గోడ వెంట నడిచాయి. ఒక ద్వారం దగ్గర ఆగాయి. పేరు చెప్పింది. లోపలికి వెళ్లాయి, ఒక వీధిలో ఎక్కాయి, సందులో తిరిగాయి. నలభై ఏళ్లు కాపురం ఉన్న మనిషిలాగా ఎక్కడా తడుముకోలేదు. ఉత్తరాన కోనేరు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు లెక్కపెట్టడం మొదలెట్టాయి.

“బైబిలు ప్రకారం దీనికి అయిదు మంటపాలుండాలయ్యా. నాలుగే ఉన్నాయి.”

దేవసహాయంగారు నుదురు పట్టుకున్నారు. బ్రహ్మచారి పీట మీంచి దిగి ఆమె పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, నాలుగు దిక్కులకు నాలుగే పడ్తయి. అయిదోది యాడ బెట్టాలని వారం రోజులు పరేషాన్ అయిన. ఇగ నడిమిట్లనే అడ్డంగ ఉండాలె. జెర చెయ్యి ముంగటికి జరుపుర్రి.”

ఆమె వేలు కోనేరు నడుమకి వెళ్లింది. ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

“నలభై ఏళ్లు పిల్లకాయలకి అయిదు, అయిదు అని చెప్పాను గాని, అయిదోది ఎక్కడుంటుందో నాకే తెలీదయ్యా బ్రహ్మచారీ” అంది.

గౌస్ భాయ్ గోడవైపు తిరిగాడు. నాకు కూడా ఏదో కంట్లో పడింది, ముసురు మూలంగా అనుకోండి.

తర్వాత చేతులు నడిమి కొండ ఎక్కాయి. పైన ఏమీ లేదు, బెజ్జం మాత్రమే ఉంది. ఇదేంటని అడిగింది. మళ్ళీ మొదలు. దేవసహాయంగారు దేవాలయాన్ని ఆమె కుడి చేతిలో పెట్టారు. గౌస్ భాయ్ ఊరుకుంటాడా, గుమ్మటాన్ని ఎడమ చేతిలో పెట్టాడు. దేవాలయాన్ని తడిమి, ఇదే ఇదే అని తల ఊపింది. కానీ గుమ్మటాన్ని వదలదు. నున్నగా ఉందని బొటనవేలితో అదే పనిగా రుద్దుతోంది. ఎవరు చేశారంటే బ్రహ్మచారి, రంగెవరిదంటే గౌస్ భాయ్. ఆ రంగు ఆరలేదు కదా. అయిదు వేళ్లకీ బంగారం అంటింది. ఆ వేళ్లతో దేవాలయం పట్టుకుంటే దానికీ అంటింది. ఆ చేతులతో మళ్ళీ ఊరంతా ఒక చుట్టు చుట్టింది. సిలువ కొండ మీద, మూసిన ద్వారం మీద, పాత గోడ ముందు జాగాలో, కోనేటి మంటపాల మీద, అంతటా మచ్చలు మచ్చలుగా బంగారం.

“అందుకే అద్దం అన్నాను” అని దేవసహాయంగారు ఎవరికీ వినపడకుండా గొణుక్కున్నారు.

గౌస్ భాయ్ మళ్ళీ రంగు వేస్తానని డబ్బా కోసం లేచాడు. అక్కర్లేదంది. రేపు కొండ మీద ఏది ఉండాలని దేవసహాయంగారు సూటిగా అడిగారు. ఆమె తీర్పు చెబితే సంఘంలో ఎవరూ నోరెత్తరని ఆయన ధైర్యం. తీర్పు ఎటుపోతుందో తనకి తెలుసని ఇంకా ధైర్యం. రోసమ్మగారు రెండు బొమ్మలనీ పైట కొంగులో వేసుకుని ముడివేసింది.

“రేపు పొద్దున నేనొచ్చి పెడతాను. ఏది పెడతానో ఇప్పుడు చెప్పను. మీరిద్దరూ రాత్రంతా ఆలోచించుకోండి” అంది. అనేసి కూతురి భుజం పట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. కొంగు మీద కూడా బంగారమే.

ఇద్దరు పెద్దమనుషులూ గుమ్మం దగ్గర నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. కోత సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. దేవసహాయంగారికి మిగిలిన కోపం ఎక్కడో దిగాలి కాబట్టి నా మీదే దిగింది. అద్దం లేదు, నీ మూలంగానే లేదు, కాబట్టి ప్రతి ఆదివారం ఆరాధన మొదలు నుంచి జనం వెళ్లేదాకా ఈ ఊరికి కాపలా నువ్వే అన్నారు. ఎన్నాళ్లని అడిగితే నూట ఒకటో పండగ దాకా అన్నారు. నేను కొమురవెల్లి మల్లన్న భక్తుణ్ణి, ఆదివారం వచ్చి చర్చిలో కూర్చుంటే మా మల్లన్న ఏమంటాడో అని మొరపెట్టుకున్నాను. ఏమీ అనడు, నీలాంటివాణ్ణి వదిలించుకున్నందుకు సంతోషిస్తాడు అన్నాడు గౌస్ భాయ్.

నేనూ బ్రహ్మచారీ ఒకే గొడుగులో బయలుదేరాం. రైలు గేటు దాకా నడిచాం. గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతోంది. ఇక ఉండబట్టలేక మాఫ్ చెయ్యమన్నాను. నా చేతులారా నీకు మాట వచ్చిందన్నాను.

ఆయన సంచిలోంచి ఒకటి కాదు, రెండు స్కేళ్లు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి, ఒక చివర కలిపి పట్టుకున్నాడు. రెండో చివర నేను ఎత్తుకుపోయినది కాస్త బయటికి పొడుచుకొచ్చింది.

“ముప్పై ఆరేండ్లు పాటర్న్ షాపుల జేసినోనికి ఏ స్కేలు అరుగుతదిరా?” అన్నాడు. “నువ్వు ఎత్తుకపోయింది పాటర్న్ స్కేలు. నాకాడ మిగిలింది మామూలుదే.”

గూడ్సు బండి ఇంకా పోతూనే ఉంది. నా ఏడో క్లాసు బుర్ర దానికన్నా నెమ్మదిగా కదిలింది.

“మరి ముప్పావు అంగుళం?”

“నేనే పెంచిన. అద్దంల బెడ్తె ఆమె ఏం జూస్తది?”

“మరి నేను అందరి ముంగట ఒప్పుకుంటుంటె ఊకున్నవేందే?”

బ్రహ్మచారి స్కేళ్లు రెండూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

“నువ్వు ఎత్తుకపోయిన రోజే నేను చూసిన. నువ్వు ఒప్పుకునేటట్టు లెక్క గట్టి, సరిగ్గ ముప్పావే పెంచిన. అరంగుళం పెంచితె నీకు నమ్మకం కుదరకపోతుండె.”

గేటు లేచింది. ఆయన వెళ్లిపోయాడు, గొడుగుతో సహా.

నవ్వండి, బాగా నవ్వండి. కానీ ఒక్క మాట. ఆ ముప్పావు అంగుళం నా పనేనని వారం రోజులుగా మీరూ నమ్ముకుని కూర్చున్నారు కదా. రేపు పొద్దున తొమ్మిదింటికి చర్చి హాలుకి రండి. కాపలాకి ఇంకో మనిషి కావాలి.